వాచీ గ్లాసు మీద మొండి మరకలు: ఏ మరకకు ఏం వాడాలి, ఎక్కడ ఆగాలి

మీ ప్రశ్న క్లుప్తంగా ఇది: వాచీ గ్లాసు మీద తెల్లటి చుక్కలు, అడ్డంగా ఒక బూడిదరంగు గీత ఉన్నాయి. సబ్బునీళ్ళతో తుడిస్తే పోలేదు. టూత్‌పేస్టు రుద్దితే చుక్కలు అలాగే ఉండిపోయి, రుద్దిన చోటు మసకబారింది. ఇంట్లో ఉన్నవాటితో పోగొట్టొచ్చా, దేనితో తుడవాలి? వాచీ ఏ మోడలో మీరు రాయలేదు, అందుకని అన్ని రకాల గ్లాసులకూ కలిపి చెబుతాను.

ముందు జవాబు. తెల్లటి చుక్కలు దాదాపుగా బోరు నీళ్ళు ఎండిపోయి మిగిల్చిన సున్నపు మరకలే అయ్యుంటాయి. తెల్ల వెనిగర్ సగం, నీళ్ళు సగం కలిపి, అందులో తడిపి పిండిన దూదిని గ్లాసు మీద మూడు నిమిషాలు ఉంచితే కరిగిపోతాయి. బూడిదరంగు గీత చాలాసార్లు గీత కాదు, ఏ స్టీలుకో అల్యూమినియానికో రాసుకున్నప్పుడు గ్లాసుకు అంటిన లోహపు చార. గాజు గ్లాసైతే వంటసోడా ముద్దతో వస్తుంది. మసక సంగతి మాత్రం గ్లాసు ఏ రకమో తెలిస్తేగాని చెప్పలేం. ప్లాస్టిక్ గ్లాసైతే పాలిష్‌తో పూర్తిగా పోతుంది. మినరల్ గ్లాసు మీద నిజంగా సన్నగీతలు పడి ఉంటే ఇంట్లో పోదు, గ్లాసు మార్చడమే దారి.

దేనితో తుడవాలన్న ప్రశ్న కన్నా ముందు తేల్చుకోవాల్సినవి రెండు: గ్లాసు దేనితో చేసింది, మరక గ్లాసు మీద ఉందా, గ్లాసులోకి దిగిందా, గ్లాసు వెనక ఉందా. రిపేరు బల్ల మీదికి వచ్చే పాడైన గ్లాసుల్లో మరక వల్ల పాడైనవి తక్కువ. ఈ రెండూ చూసుకోకుండా రుద్దడం వల్ల పాడైనవే ఎక్కువ.

గ్లాసు ఏ రకమో ఎలా తెలుస్తుంది

చేతి వాచీలకు వాడేవి ప్రధానంగా మూడు. పాత కీ వాచీలకు ఉండేది యాక్రిలిక్, అంటే ప్లాస్టిక్ గ్లాసు. హెచ్‌ఎంటీ జనతా, పైలట్ లాంటివాటికి వచ్చింది ఇదే. ప్లెక్సీగ్లాస్, హెసలైట్ అన్న పేర్లన్నీ ఈ ప్లాస్టిక్‌వే. కాసియో ఎఫ్-91డబ్ల్యూ లాంటి చవక డిజిటల్ వాచీలకూ ప్లాస్టిక్ గ్లాసే. ఇప్పుడు షాపుల్లో అమ్మే మామూలు ధర వాచీల్లో ఎక్కువభాగం మినరల్ గ్లాసు, అంటే గట్టిపరిచిన మామూలు గాజు. సీకో హార్డ్‌లెక్స్ అని పిలిచేది కూడా ఈ కోవలోదే. ఖరీదైన వాటికి, టైటన్ ఎడ్జ్ లాంటి కొన్ని మన వాచీలకు సఫైర్ గ్లాసు ఉంటుంది. ఇది ఫ్యాక్టరీలో పెంచిన నీలమణి స్ఫటికం, రంగు లేనిది.

గట్టిదనాన్ని 1 నుంచి 10 వరకు కొలిచే మోస్ కొలబద్దలో ప్లాస్టిక్ 3 దగ్గర, మినరల్ గ్లాసు 5 నుంచి 6 మధ్య, సఫైర్ 9 దగ్గర ఉంటాయి. ఇసుక రేణువు, అంటే క్వార్ట్జ్, 7. కింద చెప్పబోయే జాగ్రత్తల్లో సగం ఈ అంకెల నుంచే వచ్చాయి. వాచీని సిమెంటు గోడకో వంటింటి గ్రానైట్ గట్టుకో రాస్తే మినరల్ గ్లాసుకు గీత పడుతుంది, సఫైర్‌కు పడదు. దుమ్ము పట్టిన గ్లాసును పొడిగుడ్డతో గట్టిగా తుడిచినా అదే జరుగుతుంది. దుమ్ములో ఇసుక ఉంటుంది కదా.

ముందు వాచీ వెనక మూత చదవండి. సఫైర్ అయితే చాలా కంపెనీలు అక్కడ రాస్తాయి. రాయకపోతే గోటి కొసతో గ్లాసును మెల్లగా తట్టండి. ప్లాస్టిక్ మొద్దుగా "టక్" మంటుంది, తాకితే చల్లగా తోచదు. గాజు, సఫైర్ సన్నగా మోగుతాయి, చెంపకు ఆనిస్తే చల్లగా తగులుతాయి. పక్కనుంచి చూస్తే గోపురంలా ఉబ్బి, అంచుల దగ్గర డయల్ అంకెలు వంకరగా కనిపించే పాత వాచీ అయితే అది ప్లాస్టికే అనుకోవచ్చు. మినరల్‌కూ సఫైర్‌కూ తేడా పట్టడానికి నీటిచుక్క పరీక్ష చేస్తారు. శుభ్రంగా తుడిచిన గ్లాసు మీద ఒక చుక్క వేస్తే సఫైర్ మీద ముత్యంలా నిలబడుతుంది, మినరల్ మీద పరుచుకుంటుంది. అయితే గ్లాసు మీద జిడ్డు ఉన్నా, పూత ఉన్నా ఈ పరీక్ష తప్పు చెబుతుంది. ఖాయంగా తెలియకపోతే మినరల్ అనుకునే పని చేయండి.

మరక ఎక్కడుంది

వాచీని లైటు కింద పెట్టి పక్కకు వంచుతూ చూడండి. వంచినప్పుడు మరక డయల్ అంకెల మీదుగా జరిగినట్టు కనిపిస్తే అది గ్లాసు దగ్గరుంది. అంకెలతో పాటే కదిలితే డయల్ మీదుంది, దాన్ని బయటినుంచి ఎవరూ తుడవలేరు. గ్లాసు దగ్గరే ఉంటే, పైనా లోపలా అని చూడటానికి మరక మీద ఒక నీటిచుక్క వేయండి. పైన ఉన్న సున్నపు మరక తడిలో కనిపించకుండా పోతుంది. లోపలిది తడి కింద కూడా అలాగే ఉంటుంది.

ఇక గోటి పరీక్ష. గోటి కొసను మరకకు అడ్డంగా మెల్లగా జరపండి. గోరు గాడిలో పడినట్టు ఆగితే అది గీత. మిట్ట ఎక్కినట్టు తగిలితే పైన ఏదో అంటింది. ఏమీ తగలకపోతే సన్నటి గీత కావచ్చు, లోహపు చార కావచ్చు. ఆ సందర్భంలో ముందు చారకు చేసే వైద్యమే చేయాలి, ఎందుకంటే దానివల్ల గాజుకు నష్టం లేదు.

మీ మసకకూ ఇదే నీటిచుక్క పరీక్ష పెట్టండి. తడిపి వేలితో మెల్లగా రుద్ది తుడిస్తే పూర్తిగా పోయిందంటే అది ఎండిన టూత్‌పేస్టు పొడి. తడిగా ఉన్నంతసేపు కనిపించకుండా, ఆరగానే మళ్ళీ వస్తుంటే అవి పైన పడిన సన్నగీతలు, నీరు వాటిని తాత్కాలికంగా నింపుతోంది. తడిలో కూడా మసక ఉంటే ప్లాస్టిక్ లోపలే సన్నని పగుళ్ళు వచ్చాయి, లేదా గ్లాసు లోపలివైపు ఆవిరి పట్టింది.

తుడిచే ముందు

గ్లాసు తుడవడం కోసం వాచీని పంపు కింద పెట్టకండి. మూత మీద 30 మీటర్లు లేదా 3 బార్ అని ఉంటే అది చేతులు కడుక్కునేటప్పుడు పడే తుంపరలకే. పైగా ఆ మాట కొత్త వాచీకి వర్తిస్తుంది. లోపలి రబ్బరు రింగులు ఏళ్ళు గడిచేకొద్దీ గట్టిపడి సందులిస్తాయి. పాత కీ వాచీలకైతే తడిగుడ్డ మించి నీరు తగలకూడదు. కీ పూర్తిగా లోపలికి నొక్కి ఉందో లేదో చూసుకోండి, మర ఉన్న కీ అయితే బిగించండి. తోలు బెల్టుంటే ఊడదీయండి, వీలుకాకపోతే ప్లాస్టిక్ కవరు చుట్టండి.

మొదటి పని దుమ్ము తీయడం. కెమెరాలకు వాడే రబ్బరు బల్బుతో గాలి కొట్టండి, లేదా బొమ్మలు వేసే మెత్తటి కుంచెతో దులపండి. ఊపిరి ఊది తుడవొద్దు. తర్వాత ఒక కప్పు గోరువెచ్చని నీళ్ళలో, అంటే 200 మి.లీ.కి, గిన్నెలు తోమే లిక్విడ్ ఒకే ఒక్క చుక్క కలిపి, మైక్రోఫైబర్ గుడ్డను అందులో ముంచి గట్టిగా పిండి తుడవండి. ఒంటిసబ్బు బిళ్ళ వాడొద్దు. సబ్బు, ఉప్పునీళ్ళు కలిస్తే తెల్లటి తెట్టు కడుతుంది, మరక మీద మరక. చివరి తుడుపుకు ఆర్‌ఓ నీళ్ళు గాని, బ్యాటరీ షాపుల్లో అమ్మే డిస్టిల్డ్ వాటర్ గాని వాడండి. సీసా మీద డిస్టిల్డ్ వాటర్ అనే ఉండాలి, ఆ షాపుల్లోనే బ్యాటరీ యాసిడ్ కూడా అమ్ముతారు.

గ్లాసుకూ దాని చుట్టూ ఉండే కేసు రింగుకూ మధ్య నల్లగా పేరుకున్న మట్టిని చెక్క టూత్‌పిక్ కొసను నీళ్ళలో నానబెట్టి మెత్తబడ్డాక తీయండి. సూదితో, పిన్నుతో గీకితే అక్కడున్న రబ్బరు రింగు కోసుకుపోతుంది. గ్లాసు చుట్టూ నీరు ఆగేది ఆ రింగు వల్లనే.

సున్నపు చుక్కలు

బోరు నీళ్ళలో కరిగి ఉండే కాల్షియం, మెగ్నీషియం లవణాలు నీరు ఆరాక కార్బొనేట్లుగా గ్లాసుకు పట్టుకుంటాయి. సబ్బుకు ఇవి కరగవు. పుల్లటి ద్రవానికి కరుగుతాయి. వెనిగర్‌లోని ఎసిటిక్ యాసిడ్ కాల్షియం కార్బొనేటును నీళ్ళలో కరిగే కాల్షియం ఎసిటేటుగా మారుస్తుంది.

తెల్ల వెనిగర్ ఒక చెంచా, నీళ్ళు ఒక చెంచా. దూదిని వేలిగోరంత తీసుకుని ముంచి, కారకుండా పిండి, చుక్కలున్న చోట మాత్రమే పరచండి. వాచీ సమంగా బల్ల మీద ఉండాలి. మూడు నిమిషాలు చాలు, ఐదు దాటొద్దు. దూది తీసి, నీళ్ళలో తడిపి పిండిన గుడ్డతో రెండుసార్లు, పొడి గుడ్డతో ఒకసారి తుడవండి. ఇంకా మిగిలితే మళ్ళీ ఒకసారి చేయండి. ఒక్కసారి ఎక్కువసేపు ఉంచడం కన్నా రెండు మూడు సార్లు తక్కువసేపు ఉంచడం మేలు, ఎందుకంటే భయం గాజు గురించి కాదు, పక్కనున్న రింగు గురించి. ఇత్తడి మీద బంగారు పూత అరిగిపోయిన రింగు, రంగు వేసిన అల్యూమినియం రింగు పుల్లటి ద్రవానికి కాంతి తప్పుతాయి. వెనిగర్ లేకపోతే వడగట్టిన నిమ్మరసం పనిచేస్తుంది, కానీ దానిలోని చక్కెర జిగురును రెండుసార్లు నీళ్ళ గుడ్డతో తీసేయాలి. ఈ పద్ధతి మూడు రకాల గ్లాసులకూ సరిపోతుంది.

మూడు విడతలు చేసినా చుక్క అంచు కనబడుతూనే ఉంటే ఆ నీటిమరక కింద గాజు కొద్దిగా తినేసి ఉంటుంది. దాన్ని ఇక కరిగించలేరు. అక్కడ బాత్రూం యాసిడ్ జోలికి వెళ్ళకండి. దాని ఆవిరి ఒక్కటే చాలు స్టీలు చైను, కీ మొదలు తుప్పు పట్టడానికి. తుప్పు తీసే మందుల్లో కొన్నిటిలో హైడ్రోఫ్లోరిక్ యాసిడ్ ఉంటుంది. అది గాజును శాశ్వతంగా తినేస్తుంది, చర్మానికి అత్యంత ప్రమాదం.

బూడిదరంగు చార

బస్సులో పట్టుకునే కమ్మీ, అల్యూమినియం తలుపు, తాళాల గుత్తి, బీరువా అంచు, ఇలా దేనికి రాసుకున్నా ఆ లోహం గాజుకన్నా మెత్తనిదైతే గాజు మీద పలక మీద బలపంలా చార వదులుతుంది. గాజుకు ఏమీ కాదు. సఫైర్ గ్లాసు "గీత పడింది" అని తెచ్చేవాటిలో ఎక్కువ ఇదే రకం.

ముందు తెల్ల రబ్బరుతో, పెన్సిల్ గీతలు తుడిచే మెత్తటి రబ్బరే, అరనిమిషం రుద్ది చూడండి. కొన్ని దానికే పోతాయి. పోకపోతే వంటసోడా మూడు పాళ్ళు, నీళ్ళు ఒక పాలు కలిపి ముద్ద చేసి, తడిగుడ్డ మీద పెసరగింజంత తీసుకుని చార మీద అరనిమిషం నుంచి నిమిషం వరకు మెల్లగా గుండ్రంగా రుద్దండి. వంటసోడా గట్టిదనం 2.5 దగ్గర, కాబట్టి మినరల్, సఫైర్ గాజులను గీయలేదు. బట్టల సోడా వేరు, దాన్ని వాడొద్దు. ప్లాస్టిక్ గ్లాసుకు మాత్రం ఇది కూడా వద్దు. ప్లాస్టిక్ గట్టిదనానికి ఇది మరీ దగ్గర, సన్నని మసక మిగులుతుంది. దానికి కింద చెప్పే పాలిష్‌తోనే చార కూడా పోతుంది.

ఒక ముఖ్యమైన మినహాయింపు ఉంది. ట్యూబ్‌లైటు కింద వంచితే గ్లాసు మీద నీలం లేదా ఊదారంగు మెరుపు కనిపిస్తే, ప్రతిబింబం తగ్గించే పూత ఉందన్నమాట. పూత లోపలివైపే ఉంటే భయం లేదు, కానీ పైన కూడా ఉంటే సోడా, టూత్‌పేస్టు, మరే పొడి ముద్దా వాడకండి. సఫైర్ ఎంత గట్టిదైనా పైపూత అంత గట్టిది కాదు. అలాంటి గ్లాసు మీద ఒకే కోణంలో మాత్రమే కనిపించే సన్నగీతలు పూతకు పడినవే. స్మార్ట్ వాచీల తెర మీద జిడ్డు అంటకుండా ఉండే పూత కూడా ఇంతే, రుద్దుడుకు లేచిపోతుంది. వాటికి తడిపి పిండిన గుడ్డ, మరీ అవసరమైతే కంపెనీ అనుమతించిన ఆల్కహాల్ తుడుపు, అంతే.

జిగురు, రంగు, ఫెవిక్విక్

స్టిక్కరు, స్క్రీన్ గార్డు వదిలిన జిగురుకు కొబ్బరినూనె. రెండు చుక్కలు వేసి పది నిమిషాలు నాననిచ్చి, వేలితో ఉండలు కట్టించి తీసి, తర్వాత లిక్విడ్ నీళ్ళతో జిడ్డు తుడవండి. మూడు రకాల గ్లాసులకూ ఇది చాలు.

మినరల్, సఫైర్ గ్లాసులకు ఐసోప్రొపైల్ ఆల్కహాల్ కూడా వాడొచ్చు. మందుల షాపులో దొరికే స్పిరిట్ స్వాబ్ ఒకటి సరిపోతుంది. పెర్మనెంట్ మార్కర్, నెయిల్ పాలిష్, సన్‌స్క్రీన్ పొర దానికి పోతాయి. ప్లాస్టిక్ గ్లాసుకు ఆల్కహాల్ వద్దు. చేతులకు రాసుకునే శానిటైజర్ కూడా ఆల్కహాలే. ప్లాస్టిక్ గ్లాసును నొక్కిపెట్టి బిగిస్తారు కాబట్టి అది ఎప్పుడూ ఒత్తిడిలో ఉంటుంది. ఆ స్థితిలో ఆల్కహాల్ తగిలితే సాలెగూడు లాంటి సన్నపగుళ్ళు పుడతాయి. అవి లోపలి నుంచి వచ్చేవి, పాలిష్‌కు పోవు. డీట్ ఉన్న దోమల మందు, థిన్నర్, అసిటోన్ ప్లాస్టిక్‌ను నేరుగా కరిగిస్తాయి.

గోడలకు వేసే నీటిరంగు చుక్కలైతే తడిదూది పది నిమిషాలు కప్పి ఉంచి, పాత ఏటీఎం కార్డు అంచుతో పక్కకు నెట్టండి. ఎనామిల్ రంగైతే గాజు మీద ఆల్కహాల్‌తో మెత్తబరచి అదే కార్డుతో తీయాలి. బ్లేడు సఫైర్ మీద పర్వాలేదు గాని మినరల్ మీద వద్దు. బ్లేడు స్టీలు గట్టిదనం మినరల్ గ్లాసుకు ఇంచుమించు సమానం, మధ్యలో ఇసుక రేణువు ఒకటి ఇరుక్కుంటే గీత ఖాయం.

ఫెవిక్విక్ చుక్క గాజు మీద పడితే అసిటోన్, అంటే మామూలు నెయిల్ పాలిష్ రిమూవర్లలో ఉండేది. ఇయర్‌బడ్‌ను ముంచి, టిష్యూకు అద్ది సగం ఆరనిచ్చి, చుక్క మీద మాత్రమే పెట్టి అరనిమిషం ఆగి తిప్పండి. కొత్త బడ్‌తో మళ్ళీ చేయండి. చుక్క మెత్తబడి అంచు లేస్తుంది, అప్పుడు కార్డుతో నెట్టేయొచ్చు. అసిటోన్ గాజును ఏమీ చేయదు. కానీ గ్లాసు అంచు దాటి పోతే రబ్బరు రింగును, రింగు మీది రంగును, చవక వాచీల్లో గ్లాసును పట్టి ఉంచే జిగురును పాడుచేస్తుంది. అందుకే బడ్ తడిగా కారకూడదు. చుక్క గ్లాసు అంచునే ఆనుకుని ఉంటే ఈ పని ఇంట్లో వద్దు.

పసుపు మరక గాజుకు పట్టదు, తుడిస్తే పోతుంది. ప్లాస్టిక్ కేసుకో తెల్ల బెల్టుకో పట్టిన పసుపు వెలుతురుకు వెలిసిపోతుంది. కిటికీ దగ్గర పగటి వెలుతురులో రెండు మూడు రోజులు ఉంచితే చాలు.

ప్లాస్టిక్ గ్లాసుకు పాలిష్

ఇంట్లో చేసి సంతోషపడగలిగే పని ఇదొక్కటే. తాతగారి హెచ్‌ఎంటీ గ్లాసు పాలిపోయి డయల్ కనిపించడం లేదని పక్కన పెట్టేసినవాళ్ళు చాలామంది ఉంటారు. ఆ గ్లాసు అరగంట పనితో తేరుకుంటుంది.

రింగు చుట్టూ మాస్కింగ్ టేపు వేయండి, టేపు గ్లాసు అంచు దాకా రావాలి గాని మీదికి ఎక్కకూడదు. మామూలు సన్నగీతలకు పాలీవాచ్ అనే జర్మన్ పేస్టు ఉంది, 5 గ్రాముల ట్యూబు చాలా వాచీలకు వస్తుంది. ఒకటి రెండు చుక్కలు వేసి దూదితో రెండు మూడు నిమిషాలు, కొంచెం ఒత్తి, గీతలకు అడ్డంగా రుద్ది మెత్తటి గుడ్డతో తుడవాలి. అది దొరక్కపోతే బ్రాసో చుక్క, లేదా కారు హెడ్‌లైట్లకు వాడే ప్లాస్టిక్ పాలిష్ అదే పని చేస్తాయి. బ్రాసోలో అమోనియా ఉంటుంది, తోలుకు తగలనివ్వొద్దు. తెల్ల టూత్‌పేస్టు కూడా పనిచేస్తుంది, దానిలోని కాల్షియం కార్బొనేట్ లేదా సిలికా పొడి వల్ల. జెల్ పేస్టు పనికిరాదు. కానీ నెమ్మది, మెరుపు తక్కువ. మీది ప్లాస్టిక్ గ్లాసైతే టూత్‌పేస్టు మసక అలా మధ్యలో ఆగిన పాలిష్ మాత్రమే, సన్నటి పాలిష్‌తో కొనసాగిస్తే పోతుంది.

గోరు ఆగేంత గీతలుంటే పేస్టుతో గంటలు రుద్దినా లాభం లేదు. హార్డ్‌వేర్ షాపులో వాటర్ పేపర్, అంటే తడిపి రుద్దే గరుకు కాగితం, 1000, 1500, 2000 నంబర్లు ఒక్కో షీటు కొనండి. మూడు సెంటీమీటర్ల ముక్కలు కోసి, చుక్క లిక్విడ్ వేసిన నీళ్ళలో పది నిమిషాలు నానబెట్టండి. 1000తో ఒకే దిశలో, గ్లాసు మొత్తం, లోతు గీతలు కనిపించకుండా పోయేదాకా రుద్దాలి. గ్లాసంతా పాలలా తెల్లబడుతుంది, కంగారు పడొద్దు. తుడిచి, 1500తో దానికి అడ్డ దిశలో. ముందటి గీతలు ఒక్కటీ మిగలకుండా పోయాకే 2000కు వెళ్ళాలి. ప్రతి విడతకూ నిమిషం, రెండు నిమిషాలు చాలు. ప్రతిసారీ గ్లాసు, వేళ్ళు శుభ్రంగా తుడుచుకోవాలి, 1000 నంబరు రేణువు ఒకటి మిగిలినా 2000 దగ్గర కొత్త గీత పెడుతుంది. చివర పాలిష్.

ఎక్కడ చెడుతుందో చెబుతాను. గీత ఉన్న చోటే రుద్దితే అక్కడ గుంట పడి, అంకెలు అలలా కనిపిస్తాయి. అందుకే గ్లాసు మొత్తం రుద్దాలి. గోపురం గ్లాసును చెక్క ముక్కకు చుట్టిన పేపరుతో రుద్దితే నడినెత్తి చదునవుతుంది, వేలి మెత్తటి భాగంతో రుద్దాలి. బొటనవేలితో బలంగా నొక్కితే గ్లాసు లోపలికి జారి ముల్లుకు తగలొచ్చు. డ్రిల్లు మెషీనుకు పాలిష్ గుడ్డ బిగించి వాడితే వేడికి ప్లాస్టిక్ మెత్తబడి ముడతలు పడుతుంది. వయసుతో పచ్చబడిన ప్లాస్టిక్, అంచు నుంచి మొదలైన పగులు, ఇవి పాలిష్‌తో బాగుపడవు. పగులు ఉన్న గ్లాసును తడి పేపరుతో రుద్దితే నీరు నేరుగా డయల్ మీదికి పోతుంది.

వాటర్ పేపర్ ప్లాస్టిక్‌కే. దాని గరుకు సాధారణంగా సిలికాన్ కార్బైడ్, గట్టిదనం 9 పైన. అది మినరల్‌నే కాదు, సఫైర్‌ను కూడా గీస్తుంది.

మినరల్ గ్లాసు గీతలు, లోపలి ఆవిరి

వీడియోల్లో సీరియం ఆక్సైడ్ చూపిస్తారు. అది గాజును నిజంగానే పాలిష్ చేస్తుంది, కానీ చేత్తో గంటల పని, మెషీనుతో చేస్తే వేడి, చివరికి చదును పోయి డయల్ వంకరగా కనిపిస్తుంది. సఫైర్‌కు అది పనికిరాదు, వజ్రపు పొడి పేస్టు కావాలి. మినరల్ గ్లాసు ఖరీదు వాచీ మొత్తంలో చాలా తక్కువ, గుండ్రటి చదును గ్లాసులు అన్ని సైజుల్లోనూ దొరుకుతాయి. కాబట్టి పాలిష్ మీద సాయంత్రాలు ఖర్చుపెట్టకండి, మార్పించండి. మీ మసక నీటిచుక్క పరీక్షలో గీతలని తేలి, గ్లాసు మినరల్ అయితే మీకూ ఇదే సలహా.

మసక లోపలి ఆవిరైతే అది తుడిచే సంగతి కాదు. నీరు లోపలికి దారి చేసుకుంది, ముళ్ళకు, వాచీ లోపలి మెషీనుకు తుప్పు మొదలవడానికి రోజులు చాలు. బియ్యం డబ్బాలో పెట్టొద్దు, హెయిర్ డ్రయ్యర్ కొట్టొద్దు. వీలైతే ఆ రోజే రిపేరు షాపులో మూత విప్పించి ఆరబెట్టించండి.

గ్లాసు మార్పించేటప్పుడు షాపులో మూడు మాటలు చెప్పండి. పాత గ్లాసు వ్యాసం, మందం రెండూ కొలిచి అదే మందం వేయమనండి. 1 మి.మీ. ఉన్న చోట 1.5 వేస్తే రింగు పైకి పొడుచుకొచ్చి అంచు పెచ్చులూడుతుంది. మెషీను బయటికి తీసి గ్లాసు నొక్కమనండి, రబ్బరు లేదా నైలాన్ రింగు గట్టిపడి ఉంటే కొత్తది వేయమనండి. జిగురుతో అతికించే మోడలైతే ఫెవిక్విక్ లాంటిది వాడొద్దని ముందే చెప్పండి. ఆరేటప్పుడు దాని ఆవిరి గ్లాసు లోపలివైపు, డయల్ మీద తెల్లటి పొరలా పేరుకుంటుంది, కొద్దిరోజులకు మళ్ళీ మసకే. యూవీ కాంతి తగిలితే గట్టిపడే యూవీ జిగురు గాని, వాచీ గ్లాసులకని అమ్మే సిమెంటు గాని వాడాలి.

ఇంటికొచ్చాక కేసు లోపల తేమ చిక్కుకుందేమో మీరే చూడొచ్చు. జిగురు పెట్టి ఉంటే ఒక రోజు ఆగండి. వాచీని 20 నిమిషాలు చేతికి కట్టుకుని వెచ్చబడనిచ్చి, ఫ్రిజ్‌లోని నీళ్ళ చుక్క ఒకటి గ్లాసు మధ్యలో వేసి, ఒక నిమిషం తర్వాత తుడవండి. చుక్క ఉన్న చోట లోపలివైపు ఆవిరి మచ్చ కనిపిస్తే కేసులో తేమ ఉంది. అదే రోజు ఆ షాపుకు తీసుకెళ్ళి మళ్ళీ విప్పించి ఆరబెట్టి మూయించండి.